మూడున్నరకి చేసిన ఫోను

జనవరి 18, ఆదివారం

పదకొండు గంటల కాఫీకి కూతురు ఫెమ్కే, అల్లుడు యోరిట్ వచ్చారు. రెండో కప్పు పోస్తుంటే నా కూతురు చల్లగా చెప్పింది, కాన్పు ఆసుపత్రిలోనే అనుకున్నారట. నగరంలో, పెద్దాసుపత్రిలో. మంత్రసాని మార్లూస్ కూడా వెంట వస్తుందట. పక్క గదిలోనే డాక్టర్లుంటారట. నొప్పి తెలియకుండా వెన్నులో సూది కావాలంటే అదీ ఇస్తారట. అన్నీ కనుక్కుని, అన్నీ తేల్చుకుని, చివరికి నాకు చెప్పడానికి వచ్చారు.

నేను పోస్తూనే ఉన్నాను. కాఫీ పొంగి సాసర్లోకి వచ్చింది.

ముప్పై ఆరేళ్ళు ఈ ఊస్టర్‌హెమ్‌లో మంత్రసానిగా చేశాను. మొదట సైకిలు మీద, తర్వాత తలుపు సరిగ్గా పడని కారులో. ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు వాళ్ళలో సగం మంది ముఖం మొదట చూసింది నేనే. రొట్టెల కొట్లో నా వంతు వచ్చేలోపు ఇద్దరు ముగ్గురైనా నా చేతిలో పుట్టినవాళ్ళు పలకరిస్తారు. అలాంటిది నా సొంత కూతురు ముప్పై అయిదు నిమిషాలు కారులో పోయి, పేరు తెలియని నర్సుల మధ్య కంటుందట. రేపు కొట్లో ఎవరైనా అడిగితే ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

"మీ ఇష్టం," అన్నాను.

యోరిట్ హమ్మయ్య అనుకుని బిస్కట్ తీసుకున్నాడు. బడిలో పిల్లలకి భూగోళం చెప్పే మనిషి, ఈ ఇంట్లో ఆ మాటకి అర్థమేమిటో తెలియదు పాపం. ఫెమ్కేకి తెలుసు. ముప్పై మూడేళ్ళుగా వింటోంది. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో కోటు వేసుకుంటూ, తనకి భయమేస్తోందని, అంతేగానీ నా మీద నమ్మకం లేక కాదని చెప్పింది. భయపడటానికేముంది, గుండ్రాయిలా ఉన్నావు, బిడ్డ తల కిందికే ఉంది, అన్నాను. ధైర్యం చెప్పాను.

జనవరి 19

నేనేమీ అనలేదు. "మీ ఇష్టం" అన్నాను. అంతే.

ఫిబ్రవరి 6, శుక్రవారం

మంచం కోళ్ళ కింద పెట్టే కొయ్య దిమ్మలు వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. ఆసుపత్రిలో కనేవాళ్ళకైనా ముప్పై ఏడో వారం నుంచి ఇంట్లో మంచం ఎత్తుగా ఉండాలి. బిడ్డ తొందరపడి వచ్చేస్తే మంత్రసాని నడుం విరగ్గొట్టుకోకూడదు కదా. తర్వాత బాలింతని చూసుకోవడానికి వచ్చే నర్సుకీ అదే నియమం. కాబట్టి ఇందులో నా పెత్తనమేమీ లేదు.

దిమ్మలు పెట్టాక మంచం కిటికీ దగ్గరికి జరిపితే వెలుతురు బాగుంటుందనిపించింది. జరిపించాను. రేపు ప్లాస్టిక్ గుడ్డ పట్టుకెళ్ళాలి.

ఫిబ్రవరి 9

ప్లాస్టిక్ గుడ్డ, వేడినీళ్ళ సీసాలు రెండు, మా అమ్మ నాటి ఉన్ని దుప్పటి. ఫెమ్కే తలుపు తీసి నా చేతులకేసి చూసి, "ఇవాళేం తెచ్చావు, డాక్టరునా?" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 13

పక్కింటి బౌక్యె ముగ్గురు పిల్లలూ ఇంట్లోనే పుట్టారు. ఊరికే కాఫీకి పిలిచాను. అదే సమయానికి ఫెమ్కే వస్తుందని నాకు తెలుసు. నేను రమ్మంటేనే కదా వచ్చింది. బౌక్యెకి ఒక్క మాట అందిస్తే చాలు, మూడు కాన్పులూ అప్పజెప్పింది. మూడోవాడు పుట్టిన అరగంటకి తను లేచి బంగాళదుంపలు చెక్కు తీసిందట. ఆ బంగాళదుంపల మాట పోయినసారి చెప్పినప్పుడు లేదు.

ఫెమ్కే అంతా విని, కప్పు కడిగి బోర్లించి వెళ్ళింది.

ఫిబ్రవరి 23, సోమవారం

ఫెమ్కే ఒప్పుకుంది.

మార్లూస్ కూడా ఉంది అప్పుడు. బడి నుంచి వచ్చిన యోరిట్ అందరికీ కాఫీ పోశాడు. సరేనమ్మా, ఇంట్లోనే మొదలుపెడదాం, అంది ఫెమ్కే. గొంతులో అలసట ఉంది. ఎనిమిదో నెల దాటాక అందరికీ ఉంటుంది. తర్వాత నావైపు తిరిగి అంది, "కానీ ఒక్కటి. మధ్యలో నేను ఆసుపత్రికి అంటే ఎందుకు, ఏమిటి, ఇంకొంచెం ఆగు, ఇవేమీ వద్దు. బయల్దేరాలి. మాటివ్వు."

మార్లూస్ వెంటనే, అది అడగాల్సిన పని లేదు, నువ్వు అన్న నిమిషంలో బయల్దేరతాం, అంది. ఆ పిల్లకి పని నేర్పింది నేనే. రెండేళ్ళు నా కారులో పక్క సీట్లో కూర్చుని తిరిగింది. మంచి చెయ్యి.

"నువ్వివ్వమ్మా," అంది ఫెమ్కే నాతో.

ఇచ్చాను.

సాయంత్రం రొట్టెల కొట్లో చెప్పేశాను, మా మనవడో మనవరాలో మన ఊళ్ళోనే పుడుతుందని. కొట్టావిడ ఒక తీపి రొట్టె ఊరికే ఇచ్చింది. ఎన్నాళ్ళకో ఇంత హాయిగా ఉంది.

మార్చి 12

హెస్టర్. మూడు కిలోల నాలుగొందలు. నిన్న సాయంత్రం ఏడూ అయిదుకి, ఇంట్లో.

ఫెమ్కే ఇంకా కళ్ళు తెరవలేదు.

మార్చి 13

తెరిచింది. పాపని చూసింది.

గర్భసంచి తీసేశారు. రక్తం ఇంకే విధంగానూ ఆగలేదట. ముగ్గురు పిల్లలు కావాలనుకున్నారు ఇద్దరూ. పెళ్ళికి ముందే పేర్లు కూడా అనుకున్నారు.

మార్చి 15, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకుంటే మంచిది. ఉద్యోగం నాటి అలవాటు.

బుధవారం పొద్దున పదకొండుకి ఫెమ్కే ఫోన్ చేసింది, నొప్పులు మొదలయ్యాయని. రెండు వీధులే కదా, పరుగున వెళ్ళాను. తొలిచూలు, సాయంత్రందాకా ఏమీ కాదని యోరిట్‌ని తనే బడికి పంపేసింది. పన్నెండింటికి మార్లూస్ వచ్చి చూసింది. గర్భద్వారం తెరుచుకున్నది రెండు సెంటీమీటర్లు, బిడ్డ గుండె చక్కగా ఉంది, నొప్పులు గట్టిపడితే చెప్పండి, అని ఇంకో ఇంటికి వెళ్ళింది. నేను బఠానీల సూప్ పెట్టాను. ఫెమ్కే రెండు చెంచాలు తాగింది. మెట్ల దగ్గర కొయ్య పట్టుకుని వంగి నిలబడితే నడుము రుద్దాను. చాలా బాగా ఓర్చుకుంది.

మూడు దాటాక గట్టిపడ్డాయి. మూడున్నరకి కిందికి దిగి మార్లూస్‌కి ఫోన్ చేశాను. అన్నీ చెప్పాను. నాలుగుంపావుకి యోరిట్ వచ్చాడు. అయిదింటికి మార్లూస్ వచ్చింది. అప్పటికి ఎనిమిది సెంటీమీటర్లు. ఏడూ అయిదుకి పాప పుట్టింది. వెంటనే ఏడ్చింది, ఎర్రగా, గట్టిగా. నేను పొత్తిళ్ళలో చుట్టాను. ఫెమ్కే నవ్వింది. నవ్వింది, నేను చూశాను.

మాయ పూర్తిగా రాలేదు, రక్తం ఆగలేదు. మార్లూస్ సూది వేసింది, పొట్ట మీద నొక్కింది, చేయాల్సినవన్నీ వరసగా చేసింది. ఒక్క నిమిషం వృథా చేయలేదు. నేను నా చేతుల్తో నొక్కాను. చేతికింద గర్భసంచి గట్టిపడాలి, అది మెత్తగానే ఉంది. అంబులెన్సు పధ్నాలుగు నిమిషాల్లో వచ్చింది. ఆ తర్వాత ముప్పై అయిదు నిమిషాలు. యోరిట్ ముందు కూర్చున్నాడు. నేను పాపతో ఇంట్లో ఉండిపోయాను.

అక్కడి డాక్టరు యోరిట్‌తో అన్నాడట, ఆసుపత్రిలోనే కని ఉన్నా ఇలా అయ్యేదేమో, కాకపోనేమో, ఎవరూ చెప్పలేరని. ఎవరూ చెప్పలేరు అంటే ఎవరి తప్పూ లేదనే కదా.

మూడున్నరకి మార్లూస్‌కి అన్నీ చెప్పాను.

మార్చి 19, గురువారం

ఇంటికి తీసుకొచ్చారు. మంచం ఇంకా దిమ్మల మీదే ఉంది. ఎక్కడానికి ఫెమ్కేకి చిన్న స్టూలు వేయాల్సి వచ్చింది. బాలింత నర్సు చురుకైన మనిషి, నన్ను వంటింట్లోంచి కూడా పంపేసింది. పాప పుట్టిన సంబరానికి రస్కుల మీద వెన్న రాసి, పైన గులాబీ రంగు సోంపు మిఠాయి చల్లి, వచ్చినవాళ్ళందరికీ పెడుతోంది. జనం వస్తున్నారు, పాపని ముద్దు చేస్తున్నారు, ఫెమ్కేని చూసి గొంతు తగ్గిస్తున్నారు. కరకరలాడే ఆ రస్కులు చావింట్లో తిన్నట్టు నెమ్మదిగా తింటున్నారు.

నాలుగింటికి అందరూ వెళ్ళాక ఫెమ్కే పిలిచింది. పాప పాలు తాగుతోంది.

"అమ్మా, మార్లూస్ ఆసుపత్రికి వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని అంది, ఎంత ధైర్యంగా ఉన్నావు, ఒక్కసారైనా ఆసుపత్రి మాట ఎత్తలేదు అని. నేను ఎత్తాను కదా? నీతో అన్నాను కదా?"

దుప్పటి సర్దాను. నొప్పుల్లో అలాగే ఉంటుందమ్మా, అన్నాను. మనసులో అనుకున్నవి కూడా పైకి అన్నట్టే ఉంటాయి. ఆ తర్వాత అంత మత్తుమందు. ఇప్పుడవన్నీ తవ్వుకోకు.

"అంటే అనలేదా?"

"ముందు పడుకో," అన్నాను.

పాపని రెండో వైపుకి మార్చుకుంది. నమ్మింది. తల్లిని, పైగా మంత్రసానిని. నమ్మక ఏం చేస్తుంది?

మార్చి 20

నొప్పుల్లో ఆడవాళ్ళు ఏవేవో అంటారు. అమ్మని పిలుస్తారు, మొగుణ్ణి తిడతారు, చంపేయమంటారు, ఇంటికి పోతానంటారు ఇంట్లోనే ఉండి. అన్నీ పట్టించుకుంటే కాన్పు చేయలేం. ఇది నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకి పాఠంగా చెప్పిన మాటే.

మార్చి 21

అయినా అది నిజమే. ఏవేవో అంటారు.

మార్చి 29, ఆదివారం

కాఫీకి యోరిట్ ఒక్కడే వచ్చాడు. బిస్కట్ ముట్టుకోలేదు. ఫెమ్కే పగలంతా ఒకే మాట పట్టుకుని కూర్చుంటోందట. నా నోరెందుకు పెగల్లేదు, అంత ఒట్టు వేయించుకుని తీరా ఆ సమయానికి నేనెందుకు అడగలేదు, అని. పాపకి పాలిస్తూ అదే, స్నానం చేయిస్తూ అదే. పిల్లలు ఇక పుట్టరన్నదానికంటే దీనికే ఎక్కువ కుమిలిపోతోందట. అది దైవం చేసింది, ఇది నేను చేసుకున్నాను, అందట.

"అత్తయ్యా, నేను నాలుగుంపావుకి గానీ రాలేదు. అప్పటిదాకా మీరే ఉన్నారు. తను అడిగిందా?" అన్నాడు.

ఈ అల్లుడు నన్ను సూటిగా ఒక ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. నేను పాల గిన్నె కోసం లేచాను. కాఫీ చల్లారిపోతోందని చెప్పాను. లేదు అని మాత్రం అనలేదు. నేను లేదు అనలేదు.

ఏప్రిల్ 2

వెళ్ళలేదు. జలుబు.

ఏప్రిల్ 4

జలుబేమీ లేదు.

ఏప్రిల్ 9, గురువారం

మార్లూస్ వచ్చింది. తడి గొడుగు బయట పెట్టి, బూట్లు విప్పి, పాత రోజుల్లోలాగా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. చిక్కిపోయింది. ఇలాంటి కాన్పు తర్వాత తోటి మంత్రసానులంతా కూర్చుని నిమిషం నిమిషం చూసుకుంటారు. మొన్న అదయిందట. ఎవరూ ఏమీ అనలేదట. ఒకావిడ మాత్రం అడిగిందట, మూడున్నర ఫోనులో ఫెమ్కే గొంతు విన్నావా అని.

"లేదని చెప్పాను, రెన్స్కే గారూ. ఆవిడ అది రాసుకుంది," అంది. "మీరు నేర్పిన మొదటి పాఠమే అది. మొగుడి మాట నమ్మకు, తల్లి మాట నమ్మకు, ఫోను కనేదాని చేతికిమ్మను, ఒక నొప్పి మొదలై ఆగేదాకా విను. నేను అడిగాను కూడా ఆ రోజు, ఫెమ్కేకి ఇస్తారా అని. మీరు, నేనున్నాను కదా అన్నారు. అవతల ఇంకెవరున్నా ఊరుకునేదాన్ని కాదు. మీరు కదా అని ఊరుకున్నాను."

నా మీద నింద వేయడానికి రాలేదు. అదే నన్ను కాల్చేసింది. తన తప్పు నా దగ్గర ఒప్పుకోవడానికి వచ్చింది. ఇళ్ళల్లో కాన్పులు ఇక చేయనంది. నగరంలో ఆసుపత్రి ఉద్యోగానికి అడిగిందట. ఫోను మోగితే తీయలేకపోతోందట. ఆరు వారాలకి ఫెమ్కేతో కూర్చుని కాన్పు గురించి మాట్లాడే రోజు ఇరవై రెండున ఉంది, అది అయ్యాక వెళ్ళిపోతానంది.

తొందరపడకు, అన్నాను. ఇంకేమన్నాను? డబ్బా మూత తీసి బిస్కట్ ఇచ్చాను. వద్దంటే ఇంకోసారి ఇచ్చాను.

తను వెళ్ళాక కూర్చుని ఏడ్చాను. ఆ పిల్ల కోసమే అనుకున్నాను.

ఏప్రిల్ 10

మార్లూస్ చెయ్యి లాంటి చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు. నగరంలో వాళ్ళకి దాని విలువ తెలియదు.

ఏప్రిల్ 14

ఏమీ లేదు.

ఏప్రిల్ 18, శనివారం

మార్చి పదిహేనున రాసినది ఇవాళ మళ్ళీ చదివాను. "అన్నీ చెప్పాను" అని రెండుసార్లు రాశాను. నిజంగా అన్నీ చెప్పినవాళ్ళు రెండుసార్లు రాసుకోరు.

రాస్తాను.

మూడూ ఇరవైకి ఫెమ్కే మెట్ల దగ్గరి కొయ్య వదిలేసి నా రెండు చేతులూ పట్టుకుంది. రెండు నొప్పుల మధ్య, ప్రశాంతంగా ఉన్నప్పుడు. కేక కాదు, ఏడుపు కాదు. మత్తు లేదు. నా కళ్ళలోకి చూస్తూ అంది, "అమ్మా, ఇక్కడ వద్దు. నాకేదో తేడాగా ఉంది. ఆసుపత్రికి వెళ్దామని మార్లూస్‌కి చెప్పు."

సరే చెప్తాను, అన్నాను. తర్వాతి రెండు నొప్పులూ ఆగాక మెట్లు దిగాను. ఫోను చేతిలోకి తీసుకున్నాను.

ఆ పదిహేను మెట్లు దిగేలోపు ఏమేం ఆలోచించానో అన్నీ గుర్తున్నాయి. అందరూ ఏడు సెంటీమీటర్ల దగ్గర ఇలాగే అంటారు. ఇంకో గంట ఓర్చుకుంటే తనే నాకు దండం పెడుతుంది. ఇప్పుడు కారెక్కిస్తే రోడ్డు మీద కంటుంది. ఇవి మంత్రసాని ఆలోచనలు, ఇందులో తప్పు లేదు. కానీ వాటన్నిటి కింద ఇంకొకటుంది. రొట్టెల కొట్లో చెప్పేశాను కదా అనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేను. ఇక్కడ రాస్తున్నాను.

మార్లూస్‌తో, అంతా సవ్యంగా ఉంది, నొప్పులు నాలుగు నిమిషాలకొకటి, ఆ ఇంట్లో పని చూసుకుని నెమ్మదిగా రా, అన్నాను. ఫెమ్కేకి ఇస్తారా అంది. నేనున్నాను కదా, అన్నాను.

పైకి వెళ్ళాను. "ఏమంది?" అంది ఫెమ్కే.

"ఇంకా టైముందట. ఇక్కడే చూద్దామంది," అన్నాను.

ఆ తర్వాత తను ఇంకేమీ అడగలేదు. గోడ వైపు తిరిగింది. మార్లూస్ వచ్చాక కూడా అడగలేదు. ఎందుకు అడుగుతుంది? మార్లూస్ కాదందని కదా నేను చెప్పాను. నేనేమో, చూశావా, కుదుటపడింది అనుకున్నాను.

ఆసుపత్రికి వెళ్ళి ఉంటే రక్తం ఆగేదా? తెలియదు. నిజంగా తెలియదు. ఎవరికీ తెలియదు. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న చాటున కూర్చున్నాను. నా తప్పు అది కాదు. నా కూతురు ఒక మాట అడిగింది, నేను మింగేశాను. ఆ తర్వాత అసలు అడగనేలేదని తననే నమ్మించాను.

ఏప్రిల్ 19

సోమవారం చెప్తాను.

ఏప్రిల్ 20

పాప నిద్రపోతోంది. ఫెమ్కే కూడా. లేపబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 22, బుధవారం

పిలవకుండానే వెళ్ళాను. పదింటికి మార్లూస్ వస్తుందని తెలుసు. యోరిట్ సెలవు పెట్టాడు. నన్ను చూసి ఫెమ్కే, "ఇది నాకూ మార్లూస్‌కీ మధ్య, అమ్మా," అంది. ఉండనివ్వు, నాకూ ఇందులో పని ఉంది, అన్నాను. కోటు విప్పకుండానే కూర్చున్నాను.

మార్లూస్ ఫైలు తెరిచి మొదటి నుంచి చదువుతోంది. పన్నెండింటికి, రెండు సెంటీమీటర్లు. మూడున్నర, ఫోను, అంతా సవ్యం. అక్కడ ఆగి, ఇక్కడ నేను నీ గొంతు వినాల్సింది, వినలేదు, అది నా పొరపాటు, అంది. ఫెమ్కే తల అడ్డంగా ఊపింది. విన్నా ఏముండేది, నేను అడిగితే కదా, అంది.

"అడిగావు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ముగ్గురూ నావైపు తిరిగారు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. మెట్ల దగ్గర నుంచి చెప్పాను. తను పట్టుకున్న చేతులు, అన్న మాట, నేను ఫోనులో అన్నది, అననిది, పైకొచ్చి ఆడిన అబద్ధం, మార్చి పంతొమ్మిదిన మంచం పక్కన ఆడిన రెండో అబద్ధం. రొట్టెల కొట్టు సంగతి కూడా చెప్పేశాను. అది చెప్పేటప్పుడే తల దించుకున్నాను.

యోరిట్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మార్లూస్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఫెమ్కే మాత్రం కదల్లేదు.

"నేను ఏమన్నానో మళ్ళీ చెప్పు," అంది. "నా మాటలు. నేనన్నట్టే."

చెప్పాను. అమ్మా, ఇక్కడ వద్దు. నాకేదో తేడాగా ఉంది. ఆసుపత్రికి వెళ్దామని మార్లూస్‌కి చెప్పు.

"ఇంకోసారి."

ఇంకోసారి చెప్పాను. అప్పుడు ఏడ్చింది. ఇన్ని వారాల్లో నేను చూడగా ఏడవడం ఇదే. నన్ను తిడుతుందనుకున్నాను, కొడుతుందని కూడా అనుకున్నాను. అదేమీ కాదు. అయితే అడిగాను, నేను అడిగాను, అని తనలో తను అనుకుంటూ ఏడ్చింది. పోయిన వస్తువు దొరికినదానిలా ఏడ్చింది. ఆరు వారాలు ఆ వస్తువు నా దగ్గరే ఉంది.

"రాయి మార్లూస్," అంది ముక్కు తుడుచుకుని. "ఎన్నింటికమ్మా?"

"మూడూ ఇరవై."

మార్లూస్ రాసింది. కింద గీత గీసింది. ఫెమ్కే ఆ కాగితం తీసుకుని చదువుకుని తిరిగిచ్చింది.

తర్వాత నాతో అంది, గట్టిగా కాదు, కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు. "అమ్మా, నీ ముప్పై ఆరేళ్ళలో ఇంకెంతమంది అడిగారు?"

నేను కోటు గుండీలు పెట్టుకోసాగాను.  ఇక వెళ్ళమ్మా, అంది. నేనే ఫోన్ చేస్తాను, అప్పటిదాకా రావద్దు, అంది. యోరిట్ తలుపు తీసి పట్టుకున్నాడు. మర్యాదగానే పట్టుకున్నాడు.

ఏప్రిల్ 24

ఫోను రాలేదు. మార్లూస్ నుంచి మాత్రం రెండు ముక్కల ఉత్తరం, వెళ్ళడం గురించి మళ్ళీ ఆలోచిస్తోందట. కింద సంతకం తప్ప ఇంకేమీ లేదు. ఎప్పుడూ "మీ మార్లూస్" అని రాసేది.

ఏప్రిల్ 26, ఆదివారం

పదకొండింటికి ఒక్క కప్పు కాఫీ పెట్టుకున్నాను.

ఎంతమంది అడిగారు? మొదటి రోజు, ఎవరూ లేరు అనుకున్నాను. రెండో రోజు, ఉన్నా ఒకరో ఇద్దరో అనుకున్నాను. ఇవాళ కూర్చుంటే ఒక్కొక్కరే వస్తున్నారు. కాలవ పక్క ఇంట్లో పొడుగాటి అమ్మాయి, కవలలనుకుని భయపడింది. ఒంటరిగా ఉండే టీచరు. కసాయి కొట్టు కోడలు, గెర్బెన్ భార్య, ఎనభై ఏడులో, ఫిబ్రవరిలో, బయట మంచు. రెండు చేతుల్తో నా కోటు పట్టుకుని, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళండి, అంది. ఇంకొంచెం ఓర్చుకో తల్లీ, అన్నాను. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ అదే అన్నాను. బిడ్డ బాగానే పుట్టాడు. తనూ బాగానే ఉంది. నాకు పువ్వులు పంపింది. బాగానే అయింది కాబట్టి ఆవిడ అడిగిందన్న సంగతే నేను మర్చిపోయాను.

ఆవిడకి మాత్రం గుర్తుండే ఉంటుంది. ఇప్పటికీ మంగళవారం సంతలో కనిపిస్తే దూరం నుంచే తల ఊపుతుంది, ఎప్పుడూ ఆగదు. చేపల దగ్గర తొందరలో ఉంటుందేమో అనుకునేదాన్ని.

ఎల్లుండి మంగళవారం.